ఉద్యోగం మానకుండా సైకాలజీలో పీజీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పైలు దాటుతుండగా, ఫుల్‌టైం ఉద్యోగం చేస్తూనే సైకాలజీ పీజీలో చేరాను. రెండేళ్ల కోర్సు పూర్తి చేయడానికి నాకు మూడున్నరేళ్లు పట్టింది. అప్పటినుంచి ఎవరో ఒకరు పక్కకు పిలిచి ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. మొదటి ప్రశ్న మాత్రం ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. నేనే చేర్చాను.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఏమిటి?

ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ మనిషి బాధకు మీరు బాధ్యత తీసుకునే పని కావాలా, వద్దా? ఇదొక్కటి తేలితే కింది ప్రశ్నల్లో సగం అడగాల్సిన అవసరమే ఉండదు.

కావాలంటే డిగ్రీ ఒక్కటీ చాలదు. లైసెన్సో రిజిస్ట్రేషనో ఉండాలి. అది ఇచ్చే సంస్థకు దాని లెక్కలు దానికుంటాయి: ఏ కోర్సును గుర్తిస్తుంది, ఎన్ని గంటలు పర్యవేక్షణలో పని చేయాలి, అందులో ఆన్‌లైన్‌లో చేసింది ఎంత చెల్లుతుంది. కాబట్టి వెనకనుంచి ముందుకు రండి. ముందు లైసెన్సు సంస్థ నిబంధనలు చదవండి, తర్వాతే యూనివర్సిటీ బ్రోచర్ తెరవండి. చాలామంది బ్రోచర్‌తో మొదలుపెడతారు. అక్కడే ఆదిలో హంసపాదు పడుతుంది.

వద్దంటే దారి బాగా వెడల్పవుతుంది. హెచ్‌ఆర్, శిక్షణ, వినియోగదారుల పరిశోధన, యాప్‌లు వాడేవాళ్ల తీరును గమనించే డిజైన్ పనులు, బోధన, పీహెచ్‌డీ, వీటిలో దేనికీ లైసెన్సు అడ్డురాదు. మీ టైమ్‌కు సర్దుకునే కోర్సు ఏదైనా, గుర్తింపు ఉంటే సరిపోతుంది.

‘ఫ్లెక్సిబుల్’ అంటారు కదా, అసలు వదులు ఎక్కడుంటుంది?

ఆ మాట కింద నాలుగైదు వేర్వేరు సరుకులు అమ్ముతారు. పార్ట్‌టైం అంటే పేపర్లు అవే, సెమిస్టర్‌కు తక్కువ తీసుకుంటారు. సాయంత్రం, వారాంతపు క్లాసులంటే వేళ మారుతుంది కానీ హాజరు తప్పదు. రికార్డు చేసిన పాఠాలతో నడిచేవైతే ఏ అర్ధరాత్రయినా చూడొచ్చు, గడువులు మాత్రం కదలవు. ఇవి కాక, ఏడాదంతా ఇంటినుంచే చదివి ఏడాదికి రెండుమూడుసార్లు కొన్ని రోజులు క్యాంపస్‌కు వెళ్లేవి ఉన్నాయి. ఉద్యోగస్తులకు ఇవి బాగా కుదురుతాయని నా అభిప్రాయం. సెలవు ఎప్పుడు కావాలో ఏడాది ముందే తెలిసిపోతుంది కాబట్టి.

నేను చేరిన చోట ‘మీ వీలును బట్టి చదువుకోండి’ అని రాసి ఉంది. మూడో వారంలో ఒక మెయిల్ వచ్చింది: గ్రూప్ ప్రెజెంటేషన్, మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, హాజరు తప్పనిసరి. మా గ్రూపులో నలుగురం, నలుగురమూ ఉద్యోగస్తులమే. ఒకరు పార్కింగ్‌లో కారులో కూర్చుని, ఒకరు మీటింగ్ రూమ్‌కు లోపల గడియ పెట్టుకుని మాట్లాడారు. నేను మెట్ల మీద నిలబడి చెప్పాను. కాబట్టి చేరే ముందు ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకోండి: ‘ఫలానా రోజు, ఫలానా వేళకు తప్పక ఉండాల్సినవి కోర్సు మొత్తంలో ఎన్ని?’ కిందటి సెమిస్టర్ టైమ్‌టేబుల్ పంపమని అడిగితే ఇంకా మంచిది.

వారానికి ఎన్ని గంటలు పడుతుంది?

క్రెడిట్లను బట్టి మీరే లెక్కేసుకోవచ్చు. బ్రిటన్‌లో మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 10 గంటల చదువు. మొత్తం 1,800 గంటలు. రెండేళ్లంటే సుమారు వంద వారాలు, వారానికి 18 గంటలన్నమాట. మూడేళ్లకు సాగదీస్తే 12. అమెరికా పద్ధతిలో క్రెడిట్‌కు వారానికి ఒక గంట క్లాసు, బయట రెండు గంటల చదువు అని లెక్క. మూడు క్రెడిట్ల పేపర్ ఒకటి తీసుకుంటే వారానికి తొమ్మిది గంటలు పోతాయి.

నేను చివరకు నిలదొక్కుకున్న లెక్క 12. పొద్దున ఆఫీసుకు ముందు గంట చొప్పున ఐదు రోజులు, శనివారం ఐదు గంటలు, మిగిలిన రెండు ఎక్కడో ఒకచోట దొంగిలించినవి. రాత్రిళ్లు చదువుదామని మొదటి సెమిస్టరంతా పట్టుబట్టాను. పది దాటాక చదివిన పేజీకి తెల్లవారేసరికి నా తలలో ఆనవాలు కూడా ఉండేది కాదు.

నా డిగ్రీ వేరే సబ్జెక్టులో. సీటు ఇస్తారా?

చాలాచోట్ల ఇస్తారు. కొన్నిచోట్ల సైకాలజీ పరిచయం, గణాంకాలు, పరిశోధన పద్ధతులు అనే రెండుమూడు పేపర్లు ముందుగా పూర్తి చేయమంటారు. బ్రిటన్‌లో అయితే ఇలాంటివారి కోసమే కన్వర్షన్ మాస్టర్స్ ఉంది. అక్కడి బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తించిన కన్వర్షన్ కోర్సును నిర్ణీత స్థాయిలో పాసైతే, సైకాలజీ డిగ్రీ చేసినవారితో సమానంగా పై శిక్షణకు దరఖాస్తు చేసుకోవచ్చు.

ఎంఏ మంచిదా, ఎంఎస్సీ మంచిదా?

పేరును బట్టి ఏమీ చెప్పలేం. సిలబస్‌లో గణాంకాలు ఎన్ని పేపర్లు, ప్రాక్టికల్స్ ఎన్ని గంటలు, డిసర్టేషన్ (సొంతంగా చేసి రాసే పరిశోధన) ఉందా లేదా, ఈ మూడు చూడండి చాలు.

ఆన్‌లైన్ డిగ్రీకి విలువ ఉంటుందా?

ఎవరి దగ్గర విలువ అన్నది ఇక్కడ అసలు ప్రశ్న. ఉద్యోగమిచ్చేవాళ్లు చాలావరకు యూనివర్సిటీ పేరు, గుర్తింపు చూస్తారు. లైసెన్సు సంస్థలు అంతకంటే లోతుకు వెళ్తాయి. దేశాన్ని బట్టి ఇది ఎంత మారుతుందో చూడండి.

అమెరికాలో పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే డాక్టరేట్లకు అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అక్రెడిటేషన్ ఇవ్వదు. అదే దేశంలో కౌన్సెలింగ్ మాస్టర్స్ మాత్రం ఆన్‌లైన్‌లో చదివి లైసెన్సు దాకా వెళ్లేవారున్నారు. అయితే ఆ కోర్సులకు గుర్తింపునిచ్చే కేక్రెప్ సంస్థ లెక్క ప్రకారం 100 గంటల ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో చేసే తొలి ప్రాక్టికల్ శిక్షణ), 600 గంటల ఇంటర్న్‌షిప్ చేసి తీరాలి. ఆ ఆరువందల్లో 240 గంటలు నేరుగా క్లయింట్లతో గడిపినవై ఉండాలి.

భారతదేశంలో పరిస్థితి ఈమధ్యే తలకిందులైంది. అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం 2021లో వచ్చింది. దాని పరిధిలోకి వచ్చే కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపొద్దని 2025లో యూజీసీ ఆదేశించింది. జులై-ఆగస్టు 2025 సెషన్ నుంచి కొత్త అడ్మిషన్లు తీసుకోకూడదు. ఆ జాబితాలో సైకాలజీ ఉంది. కాబట్టి అక్కడ ‘ఆన్‌లైన్ ఎంఏ సైకాలజీ, అడ్మిషన్లు జరుగుతున్నాయి’ అనే ప్రకటన కనిపిస్తే, ఫీజు కట్టే ముందు యూజీసీ దూరవిద్య విభాగం ప్రచురించే అనుమతుల జాబితాలో ఆ సెషన్‌కు ఆ కోర్సు పేరు ఉందో లేదో చూసుకోవాలి. యూనివర్సిటీకి అనుమతి ఉండటం వేరు, ఆ కోర్సుకు ఉండటం వేరు.

పాత బ్లాగులు, వీడియోలు చూసి నిర్ణయం తీసుకోవద్దనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఈ పేజీ కూడా అంతే. మీరు చదివే రోజుకు నిబంధన మారి ఉండొచ్చు.

పీజీ అయ్యాక ‘సైకాలజిస్ట్’ అని బోర్డు పెట్టుకోవచ్చా?

ఆగండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆ మాట వాడటానికి డాక్టరేట్, లైసెన్సు రెండూ కావాలి. మాస్టర్స్ చదివినవారు కౌన్సెలర్‌గానో, ఫ్యామిలీ థెరపిస్ట్‌గానో లైసెన్సు తీసుకుంటారు. దానికీ డిగ్రీ తర్వాత పర్యవేక్షణలో వేల గంటల పని ఉంటుంది. కాలిఫోర్నియాలో ఫ్యామిలీ థెరపిస్ట్‌కు అది 3,000 గంటలు. బ్రిటన్‌లో ‘క్లినికల్ సైకాలజిస్ట్’, ‘కౌన్సెలింగ్ సైకాలజిస్ట్’ వంటి హోదాలకు చట్ట రక్షణ ఉంది, ఒట్టి ‘సైకాలజిస్ట్’ అన్న మాటకు లేదు. భారతదేశంలో క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే ఎంఏ తర్వాత, రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన క్లినికల్ శిక్షణ మళ్లీ వేరే. అది ఫుల్‌టైం, ఆసుపత్రి వార్డుల్లో జరిగే శిక్షణ. అక్కడ వదులు అనే మాటకు చోటు లేదు.

సైకియాట్రిస్ట్ సంగతి అడగకండి. ఆ దారి వైద్య విద్యతో మొదలవుతుంది.

లెక్కలంటే భయం. గట్టెక్కగలనా?

గట్టెక్కుతారు, కానీ దాటవేయలేరు. సైకాలజీ అంటే మనసులోని మాట వినడమని చేరినవాళ్లలో చాలామంది జారిపోయేది ఈ పేపర్ దగ్గరే. 1879లో విల్‌హెల్మ్ వుంట్ జర్మనీలోని లైప్‌జిగ్‌లో సైకాలజీ ప్రయోగశాల పెట్టిన నాటినుంచి ఈ శాస్త్రం కొలతల మీద నడుస్తోంది. 2015లో దాదాపు 270 మంది పరిశోధకులు కలిసి, అచ్చయిన వంద సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూశారు. మొదటిసారి వాటిలో 97 శాతం గణాంకపరంగా నిలిచిన ఫలితాలు చూపించాయి. రెండోసారి 36 శాతమే చూపించాయి. పి విలువ అంటే ఏమిటో, శాంపిల్ చిన్నదైతే ఏం జరుగుతుందో తెలియకపోతే, పాఠ్యపుస్తకంలో ఏది గట్టి నేల, ఏది ఊబి అన్నది మీకు తెలిసే మార్గమే లేదు.

అయినా భయపెట్టేది గణితం కాదని చేరాక తెలిసింది. ఒక రాత్రి నా ప్రశ్నావళి నమ్మదగినదేనా అని క్రోన్‌బాక్ ఆల్ఫా తీశాను. 0.7 దగ్గరుంటే సరేననుకుంటారు. నాకు 0.31 వచ్చింది. గంటన్నర ఫార్ములాలు తిరగేశాను, సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకున్నాను. తీరా చూస్తే పది ప్రశ్నల్లో నాలుగు తిరగేసి అడిగినవి. ‘నాకు పని అంటే ఇష్టం’ అన్నదానికి 5 వేసినవాళ్లు, ‘పనికి వెళ్లాలంటే విసుగు’ అన్నదానికి 1 వేస్తారు కదా. ఆ నాలుగింటి స్కోరును తిప్పడం మర్చిపోయాను. 5ను 1 చేసి, 4ను 2 చేసి మళ్లీ నొక్కితే 0.79. ఇందులో కూడికలు, తీసివేతలకు మించిన గణితం లేదు. ప్రశ్న ఏమడుగుతోందో చదవాలి, అంతే.

చేరడానికి రెండు నెలల ముందు జాస్ప్ గానీ జమోవి గానీ, ఈ గణాంకాల సాఫ్ట్‌వేర్లలో ఒకటి ఇన్‌స్టాల్ చేసుకుని ఆడుకోండి. రెండూ ఉచితమే. గణాంకాలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష తర్వాత నేర్చుకోవచ్చు.

ప్రాక్టికమ్‌లో ఏం చేయిస్తారు? ఉద్యోగంతో కుదురుతుందా?

ముందు కుదిరే సంగతి. ప్రాక్టికమ్ జరిగే క్లినిక్కులు, బడులు, ఆసుపత్రులు చాలావరకు పగలే పనిచేస్తాయి. సాయంత్రపు స్లాట్లు తక్కువ, వాటికోసం అందరూ ఎగబడతారు. చోటు వెతుక్కునే బాధ్యత యూనివర్సిటీదా, మీదా అన్నది చేరేముందే కనుక్కోండి. ‘సహకరిస్తాం’ అన్నారంటే బాధ్యత మీదేనని అర్థం. ఆ సెమిస్టర్‌కు సెలవులు ముందునుంచే పోగేసుకోండి. మా బ్యాచ్‌లో చాలామంది వారానికి ఒక పగలు జీతం లేని సెలవు తీసుకుని నెట్టుకొచ్చారు.

ఇక చేయించే పని. అసలు క్లయింట్ల దగ్గరికి పంపేముందు, తోటి విద్యార్థులతో ప్రాక్టీస్ సెషన్ రికార్డు చేసి, అక్షరం పొల్లుపోకుండా రాసి తెమ్మంటారు. నా మొదటి రికార్డింగ్ ఇరవై నిమిషాలు. రాయడానికి మూడు గంటలు పట్టింది. నేను మంచి శ్రోతనని అప్పటిదాకా నా నమ్మకం. కాగితం మీద చూస్తే ఏడుసార్లు అడ్డం పడ్డాను. క్లయింట్‌గా కూర్చున్న తోటి విద్యార్థిని ‘అప్పుడు నాకు ఎవరితో చెప్పుకోవాలో...’ అంటుంటే, వాక్యం పూర్తవనివ్వకుండా ‘మీ మేనేజర్‌తో మాట్లాడలేదా?’ అని నేను. పధ్నాలుగో నిమిషంలో ఆమె నాలుగు సెకన్లు మౌనంగా ఉంది. ఐదో సెకనుకు నేను ‘సరే, ఇంకా?’ అన్నాను. సూపర్‌వైజర్ ఆ వరుస పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాశారు: ‘ఈ నాలుగు సెకన్లు ఎవరికి కష్టమయ్యాయి?’

పదిహేనేళ్ల ఆఫీసు మీటింగుల్లో నేర్చుకున్నదంతా అక్కడ అడ్డమే వచ్చింది. సమస్య వినబడగానే పరిష్కారం అందించడం మనకు అలవాటు, దానికే జీతమిచ్చారు కూడా. దాన్ని మరవడానికి నాకు గణాంకాల కంటే ఎక్కువ కాలం పట్టింది.

ఈ వయసులో గుర్తుంటుందా?

చదివే పద్ధతి మారిస్తే ఉంటుంది. జ్ఞాపకం ఎంత తొందరగా జారిపోతుందో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో అచ్చువేశాడు. అర్థం లేని అక్షరాల గుంపులు బట్టీపట్టి, గంటలు, రోజులు గడిచాక ఎంత మిగిలిందో కొలుచుకున్నాడు. ఎక్కువ భాగం మొదటి రోజులోనే పోతుంది. విరామాలిచ్చి మళ్లీ చదివితే నిలుస్తుంది. దీనికి తోడు, మళ్లీ చదవడం కంటే పుస్తకం మూసి తమను తాము పరీక్షించుకున్నవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుందని రోడిగర్, కార్పికి అనే పరిశోధకులు 2006లో చూపించారు. ఉద్యోగస్తుల బతుకు ఎటూ ముక్కలు ముక్కలే కాబట్టి ఈ పద్ధతి మనకే కలిసొస్తుంది. లిఫ్ట్ కోసం ఎదురుచూసే రెండు నిమిషాలు కూడా నిన్నటి పాఠంలో మూడు ముక్కలు గుర్తుచేసుకోవడానికి సరిపోతాయి.

డిసర్టేషన్‌కు మా ఆఫీసువాళ్ల మీదే సర్వే చేయొచ్చా? డేటా చేతిలోనే ఉంది కదా.

అందరికీ వచ్చే ఆలోచనే ఇది. మీరు టీమ్ లీడరైతే మాత్రం మానుకోండి. మీ కింద పనిచేసేవాళ్లు మీ ఫారం నింపనంటారా? ఇష్టపూర్వక అంగీకారం అనే మాటకు అక్కడ అర్థం ఉండదు. మనుషులపై పరిశోధన ఎలా జరగాలో చెప్పిన 1979 నాటి బెల్మాంట్ నివేదిక మొదటి సూత్రంగా పెట్టింది వ్యక్తి పట్ల గౌరవాన్నే. ఎథిక్స్ కమిటీలు ఈ ఒత్తిడి కోణాన్ని మొదట పట్టుకుంటాయి. పైగా పన్నెండు మంది టీమ్‌లో వయసు, హోదా రాస్తే పేరు రాయనక్కర్లేదు, ఎవరిదో తెలిసిపోతుంది.

వేరే సంస్థవాళ్లనో, వేరే విభాగంవాళ్లనో ఎంచుకోండి. లేదా పరిశోధకులు బహిరంగంగా ఉంచిన డేటాను వాడుకోండి. దానికి అనుమతులూ సులువే. ఎథిక్స్ అనుమతికి నెల అనుకుంటే రెండు నెలలు చేతిలో పెట్టుకోండి. అది రాకముందు పోగుచేసిన ఒక్క ఫారం కూడా వాడుకోవడానికి వీల్లేదు.

ఆఫీసులో చెప్పాలా?

ఫీజు వాళ్లు కొంత భరించే పథకం ఉంటే చెప్పక తప్పదు. లేకపోతే తొలి సెమిస్టర్ మార్కులు చేతికొచ్చాక మేనేజర్‌కు ఒక్కరికే చెప్పండి. ఫీజు భరిస్తే ఎన్నేళ్లు అక్కడే పనిచేయాలనే షరతు ఉందేమో కాగితం చదవండి.

చదువుతుండగానే ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు సాయం చేయొచ్చా?

వినండి. నిర్ధారణలు చేయకండి. రెండో సెమిస్టర్‌లో రుగ్మతల పేపర్ మొదలవగానే ఎదురుపడినవాళ్లందరిలో ఏదో ఒక లక్షణం కనిపిస్తుంది, ముందు మనలోనే కనిపిస్తుంది. తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 ఫారం ఎవరైనా దించుకుని నింపొచ్చు, స్కోరు 0 నుంచి 27 దాకా వస్తుంది. అది డిప్రెషన్ ఉండే అవకాశాన్ని పసిగట్టే ఫారం మాత్రమే. తొమ్మిదో ప్రశ్న ప్రాణం తీసుకునే ఆలోచనల గురించి. దానికి ‘అసలు లేదు’ కాక వేరే జవాబొస్తే ఏం చేయాలో తెలియనివాళ్లు ఆ ఫారం ఎవరి చేతికీ ఇవ్వకూడదు. తెలిసినవాళ్లలో ఎవరికైనా సాయం అవసరమనిపిస్తే, అర్హులైనవారి దగ్గరికి తోడు వెళ్లండి. అది చదువు పూర్తయ్యాక కూడా వర్తిస్తుంది, సొంతవాళ్లకు ఎవరూ థెరపీ చేయరు.

నా సమస్యలు అర్థం చేసుకోవడానికే ఈ కోర్సు చేద్దామనుకుంటున్నాను.

చాలామంది లోపల ఉండే కారణమే, సిగ్గుపడక్కర్లేదు. కానీ అందుకు మాత్రమే అయితే, ఇన్నేళ్ల ఫీజులో చిన్న వంతుతో మంచి థెరపిస్ట్ దగ్గరికి వెళ్లొచ్చు. కోర్సులో మీ సమస్య పేరు మీద వచ్చేది ఒక అధ్యాయం, పది మార్కుల ప్రశ్న.

మధ్యలో ఆపాల్సి వస్తే కట్టిందంతా పోయినట్టేనా?

పూర్తిగా పోదు. బ్రిటన్ పద్ధతిలో 60 క్రెడిట్లకు పీజీ సర్టిఫికెట్, 120కి పీజీ డిప్లొమా ఇచ్చి పంపుతారు. వేరేచోట్ల కూడా ఇలాంటి మధ్య మజిలీలు ఉన్నాయేమో ముందే అడగండి. విరామం తీసుకునే వీలు చాలాచోట్ల ఉంటుంది, అయితే దరఖాస్తు గడువులోపు పెట్టాలి. చెప్పాపెట్టకుండా మాయమైతే ఫెయిల్ కింద రాస్తారు. కోర్సు మొత్తానికి ఒక గరిష్ఠ కాలం కూడా ఉంటుంది, విరామం అందులో కలుస్తుందా లేదా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

నేను మూడో సెమిస్టర్ తర్వాత ఆరు నెలలు ఆపాను. ఇంట్లో ఒకరికి ఆపరేషన్, ఆఫీసులో ప్రాజెక్టు గడువు ఒకే నెలలో వచ్చిపడ్డాయి. విరామం ఫారం ఒకటిన్నర పేజీ, నింపడానికి పదిహేను నిమిషాలు. ఆ ఫారం అడగడానికి మాత్రం నెలన్నర తటపటాయించాను. ఆ నెలన్నరలో రెండు అసైన్‌మెంట్ల గడువులు దాటిపోయాయి, ఆ మార్కులు తిరిగి రాలేదు.